ఆయిల్ కూలరు ముందా, వాక్యూమ్ లీకు ముందా: ఏది మేలు?

పోయిన వేసవిలో అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లి వస్తుండగా, రావులపాలెం దాటినప్పటి నుంచి మా పెట్రోలు కారు ఆగిన చోటల్లా వణకసాగింది. ఇంటికి చేరి బానెట్ ఎత్తి చూస్తే, కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) డబ్బాలో పాలు ఎక్కువైన టీ రంగులో జిడ్డు తెట్టు కట్టి ఉంది. వణుకు వాక్యూమ్ లీకు (ఇంజను గాలి పీల్చే దారిలో చిల్లు పడి అదనపు గాలి చొరబడడం) వల్ల, తెట్టు ఆయిల్ కూలరు (ఇంజను ఆయిలును చల్లార్చే భాగం) వల్ల అని తరువాత తేలింది. రోజూ విసిగించేది వణుకే కాబట్టి ఎవరైనా దానినే ముందు బాగు చేయించాలనుకుంటారు గాని, నా మాట అడిగితే ముందు కూలరే.

ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆయిల్ ఒత్తిడి మూడు నాలుగు బార్ల దాకా ఉంటుంది; కూలెంట్ ఒత్తిడి ఒకటి, ఒకటిన్నర బార్లకు మించదు. అందుచేత కూలరు లోపల ఆయిలును, కూలెంటును విడదీసే పలకకు చిల్లు పడితే, బండి నడిచేటప్పుడు ఆయిలు కూలెంటులోకి పోతుంది. ఇంజను ఆపగానే ఆయిల్ ఒత్తిడి పడిపోయి, వేడి కూలెంట్ ఒత్తిడి కొంతసేపు నిలుస్తుంది కనుక అప్పుడు నీరే ఆయిల్లోకి దిగవచ్చు, నీరు కలిసిన ఆయిలుతో బేరింగులు ఎక్కువ కాలం బతకవు. వాక్యూమ్ లీకు మైలేజీని తింటుంది, ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను నెమ్మదిగా తిరగడం) చెడగొడుతుంది, అయినా కొద్ది రోజుల గడువిస్తుంది. ఇంజను వాక్యూమ్‌తోనే బ్రేకుకు బలమిచ్చే బ్రేక్ బూస్టర్ పైపు ఒక్కదాని సంగతి వేరు: పెడలు రాయిలా గట్టిపడితే బండిని అక్కడే ఆపాలి.

షెడ్డులో తెట్టు చూడగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకు, దాని పైభాగమైన హెడ్‌కు మధ్య ఉండే సీలు) పోయిందని, హెడ్ దింపాలని అన్నారు. ముందు కూలరును విప్పి చూడమని నేను పట్టుబట్టాను. ఆయిల్ వైపు ఒక రంధ్రం బిగించి, రెండో రంధ్రంలోంచి రెండు బార్ల గాలి పెట్టి గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో ముంచితే, కూలెంట్ పైపు మూతిలోంచి సన్నని బుడగలు వరుసగా లేచాయి. ఈ పది నిమిషాల పరీక్ష చేయకుండా హెడ్ దింపనివ్వడం డబ్బు దండగ.

ఇక కూలరుకు సీలు మార్చాలా, వెల్డింగ్ చేయించాలా, కొత్తది వేయాలా? ఆయిలు బయటికి మాత్రమే కారుతుంటే, చాలాసార్లు గట్టిపడిన ఓ-రింగులదే తప్పు. సీళ్లు మారిస్తే సరిపోతుంది. రేడియేటరు ముందుండే రెక్కల రకం కూలరుకు పైపు మూతి దగ్గర పగిలితే ఆర్గాన్ వెల్డింగ్ నిలుస్తుంది గాని, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి రెక్కలే పొడిపొడిగా రాలుతున్న కూలరుకు వెల్డింగ్ చేయించడం వృథా. పలకల రకంలో చిల్లు లోపలెక్కడో ఉంటుంది, అక్కడికి వెల్డింగ్ రాడ్డు చేరదు, కొత్తదే మార్గం. పాత సామాన్ల కొట్లో దొరికేది చవకే, కాని పాత ఇంజను లోహపు పొడి దానిలో ఇరుక్కుని ఉంటే ఎంత కడిగినా పూర్తిగా పోదు. తీరప్రాంతంలో బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట్ల రేడియేటరులో వాటినే పోసేవారున్నారు. ఆ ఉప్పు అల్యూమినియం పలకలను గుంటలు పెట్టి తినేస్తుంది. కొత్త కూలరు బిగించాక జిడ్డు పోయేదాకా కూలెంట్ దారి మొత్తం కడిగించి, డిస్టిల్డ్ వాటరు కలిపిన కూలెంటే పోయించాలి.

వాక్యూమ్ లీకు వెతకడంలో పోటీ స్ప్రేకి, పొగ పరీక్షకి. ఐడిలింగ్‌లో కార్బ్ క్లీనరు అనే మండే స్ప్రే కొడుతూ పోతే, లీకున్న చోట ఇంజను శబ్దం మారుతుంది. చవకైన పద్ధతే గాని, వేడి సైలెన్సరు పైపు పక్కన అది నిప్పుతో చెలగాటం. ఒక పీఎస్ఐకి మించని ఒత్తిడితో ఇంజను గాలి దారిలోకి పొగ ఎక్కిస్తే చిల్లు తనంతట తానే కనబడుతుంది; మిషను ఉన్న షెడ్డు దగ్గరలో ఉంటే నా ఓటు దీనికే. ముందుగా స్కానరులో ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజను కంప్యూటరు పెట్రోలును ఎంత పెంచి, తగ్గించి సరిచేస్తోందో చెప్పే అంకె) చూడాలి: ఐడిలింగ్‌లో బాగా ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గితే వాక్యూమ్ లీకనే అనుమానించాలి. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగం) ఒత్తిడి సెన్సరు మాత్రమే ఉన్న బళ్లలో లీకైన గాలి కూడా లెక్కలోకి వస్తుంది కనుక, ట్రిమ్ అంతగా మారకుండా ఐడిలింగే పెరుగుతుంది. వాక్యూమ్ కొలిచే గేజీ పెట్టేవారికి మన డెల్టాలో ఒక సౌకర్యముంది: సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి, పుస్తకాలలో చెప్పే 17 నుంచి 21 అంగుళాల పాదరసం లెక్కను ఎత్తుకు తగ్గట్టు సవరించనక్కరలేదు. గొట్టాలన్నీ ఒకేసారి మార్చేయడం పాత బండికి తప్పు కాదు గాని, మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గరి లీకు దానితో పోదు.

మా బండిలో పొగ లేచింది పీసీవీ గొట్టం (ఇంజను లోపలి ఆవిరులను తిరిగి గాలి దారిలోకి పంపేది) మోచేతి వంపు అడుగున. సరిగ్గా దాని పైనే కూలరు సీలు నుంచి కూడా ఆయిలు చుక్కచుక్కగా పడుతోంది. రబ్బరు ఉబ్బి, వేలితో నొక్కితే జిగటగా అంటుకుంది. వణుకుకు భయపడి ముందు ఆ గొట్టాన్నే మార్పించి ఉంటే, కొత్త గొట్టం కూడా అదే ఆయిల్లో నానేది.