వైర్ లేని డ్రిల్: ఎనిమిది నెలలు వాడాక

ఖమ్మంలో మాది పాత ఇల్లు. ఇటుక గోడలు, టేకు గుమ్మాలు, ఎప్పుడూ ఏదో ఒకటి ఊడుతూనే ఉంటుంది. ఒక్క కర్టెన్ రాడ్డు కోసం కార్పెంటర్ చుట్టూ మూడు వారాలు తిరిగి విసుగొచ్చి, సంక్రాంతికి ఈ కార్డ్‌లెస్ డ్రిల్ కొన్నాను. రెండు బ్యాటరీలు, చార్జరు, బిట్ల సెట్టుతో కలిపి ఐదు వేల చిల్లర. కంపెనీ పేరు మాత్రం రాయను.

పెట్టె మీద పెద్దక్షరాల్లో 20 వోల్టులు, బ్యాటరీ అడుగున చిన్నక్షరాల్లో 18. మోసమేమో అనుకున్నాను, కాదు. లోపలున్న ఐదు సెల్లులు నిండా చార్జయితే 20, 21 దాకా చూపిస్తాయి, పనిలో ఉన్నప్పుడు సెల్లుకు 3.6 చొప్పున లెక్క 18కే వస్తుంది. 20 అని రాశారని ఎక్కువ డబ్బు పెట్టకండి.

డ్రిల్ మెడ దగ్గర 1 నుంచి 18 దాకా అంకెలున్న రింగు ఒకటుంది. పెట్టిన అంకెకు తగ్గ బలం దాటితే అది జారి స్క్రూని వదిలేస్తుంది. మొదట్లో దాన్ని పట్టించుకోలేదు. రింగు మీద అంకెల తర్వాతున్న డ్రిల్ బొమ్మ దగ్గరే ఉంచి వంటింటి కబోర్డు బందులు బిగించాను. స్క్రూ తల దాకా ప్లైవుడ్‌లో మునిగి, లోపల పట్టు పోయి ఊరికే తిరగడం మొదలెట్టింది. బెజ్జంలో జిగురు పూసిన అగ్గిపుల్లలు కుక్కి మళ్లీ బిగించాల్సి వచ్చింది. ఇప్పుడు 5 దగ్గర మొదలుపెట్టి, చాలకపోతే ఒక్కో అంకె పెంచుతున్నాను. స్క్రూ కూర్చోగానే టకటకమంటుంది, నేను చెయ్యి తీసేస్తాను. టేకులో అయితే 8 నంబరు స్క్రూకి ముందు 3 మి.మీ. బెజ్జం వేయాల్సిందే, లేకపోతే చెక్క చీలుతుంది.

ఈ రింగు అన్నిటికీ కాపాడదు. గేటు పట్టీకి 8 మి.మీ. బెజ్జం వేస్తుంటే, బిట్ అవతలికి దూరే క్షణంలో ఇనుముని పట్టేసింది. బిట్ ఆగింది, డ్రిల్ తిరిగింది, దాంతోపాటు నా మణికట్టు కూడా. డ్రిల్ బొమ్మ మీద ఉన్నప్పుడు ఆ రింగు జారి వదలదట. వారం రోజులు చేతికి కట్టు. ఇప్పుడు ముందు 3, తర్వాత 5, ఆఖరికి 8, నెమ్మదిగా తిరిగే గేరు 1లో, చుక్క నూనె వేసి, రెండు చేతులతో పట్టుకుని వేస్తున్నాను. అవతలి వైపు వచ్చేస్తోందనగానే నొక్కడం తగ్గిస్తాను.

ఆ కట్టు చూసి మా కార్పెంటర్ (అవును, చివరికి వచ్చాడు!) నవ్వి, “అమ్మా, ముందు ఆ చున్నీ నడుముకి బిగించండి. గాజులు తీసేయండి. గ్లౌజులా? తిరిగేదాని దగ్గర గ్లౌజులొద్దు, అంచు చుట్టుకుందంటే వేలు లాగేస్తది” అన్నాడు. స్విచ్ బోర్డుకి తిన్నగా పైనా కిందా గోడ తొలవొద్దనీ, వైరు పైపు అటే పోతుందనీ కూడా ఆయనే చెప్పాడు. కళ్లద్దాలు మాత్రం నేనే నేర్చుకున్నాను, తలపైన బెజ్జం వేస్తూ కంట్లో ఇటుక పొడి పడ్డాక.

ఇటుక గోడలో హామర్ బొమ్మ పెట్టి 6 మి.మీ. బెజ్జం వేస్తే అర నిమిషం కూడా పట్టదు. కిటికీ పైనున్న కాంక్రీటు లింటెల్ మీద మాత్రం ఐదు నిమిషాలు అరిచినా రాలింది తెల్లపొడే, బిట్ కొస నల్లబడింది. బీములూ స్లాబులూ దీని పని కాదు, వాటికి రోటరీ హామర్ అద్దెకు తెచ్చుకోండి.

దిశ మార్చే బొత్తాన్ని మధ్యలో పెడితే ట్రిగ్గర్ నొక్కినా కదలదు, అది బాగుంది. అయినా ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి బిట్ మార్చేటప్పుడు బ్యాటరీ తీసేస్తున్నాను. లైటు మాత్రం బిట్ నీడనే బెజ్జం మీద వేస్తుంది. సెట్టులో ఇచ్చిన ప్లస్ బిట్ నెలకే అరిగింది, విడిగా కొన్నది ఇంకా నడుస్తోంది. అందుకే ఐదులో నాలుగు స్టార్లు.