అమృత్‌సర్ చెక్క చదరంగం సెట్టు: సుల్తాన్ ఖాన్ ఆటలు వేసి చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, పావులు కొనండి, బోర్డు మాత్రం వాళ్ల దగ్గర తీసుకోకండి. ఎందుకో వివరంగా రాస్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ సెట్టును నేను మామూలుగా రెండు ఆటలు ఆడి పక్కన పెట్టలేదు, ఆరు నెలలుగా రోజూ రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయీ నేనూ దీని మీద పాత ఆటలు ఒక్కో ఎత్తూ వేసి చూస్తున్నాం.

కొన్నది స్టాంటన్ పావుల సెట్టు, అంటే టోర్నమెంట్లలో వాడే మామూలు నమూనా. రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లు, లేత రంగువి బాక్స్‌వుడ్, ముదురువి శీషమ్, బోర్డు మడత లేనిది, గడి 5.5 సెంటీమీటర్లు. అమృత్‌సర్‌లో చేసింది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే విజయవాడకు తొమ్మిది రోజుల్లో వచ్చింది, అన్నీ కలిపి 7,400 రూపాయలు అయింది. షాపు పేరు రాయడం లేదు, ఇలాంటివి చేసేవాళ్లు, అమ్మేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి పేరు కన్నా కొలతలు, బరువు చూసుకోవడం ముఖ్యం.

ఇంత పెట్టి ఎందుకు కొన్నానంటే, మా అమ్మాయి ఆట నేర్చుకున్నదంతా ఫోన్‌లోనే. బాగానే ఆడుతుంది, కానీ ఒక గొప్ప ఆట చూపిస్తే బాణం గుర్తు నొక్కుకుంటూ 60 ఎత్తులు అర నిమిషంలో దాటేసి "అయిపోయింది నాన్నా" అంటుంది. నాకు చాలా ఇష్టమైన ఆటలు 1929 నుంచి 1933 మధ్య ఇంగ్లండ్‌లో ఆడినవి, మీర్ సుల్తాన్ ఖాన్ ఆటలు. అవి అలా చూస్తే ఏమీ కనపడదు. నిదానంగా, చేత్తో వేసి చూడాలి.

ఆయన గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. పంజాబ్‌లో ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సర్గోధా ప్రాంతంవాడు. చిన్నప్పుడు తండ్రి దగ్గర మన దేశవాళీ చదరంగం నేర్చుకున్నాడు. సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే పెద్ద భూస్వామి ఆయన్ని చేరదీసి పాశ్చాత్య పద్ధతి నేర్పించాడు, 1928లో సుల్తాన్ ఖాన్ ఆలిండియా చాంపియన్ అయ్యాడు, 1929 వసంతంలో సర్ ఉమర్ వెంట లండన్ వెళ్లాడు. అక్కడ ప్రాక్టీసు కోసం ఒక చిన్న టోర్నమెంటు పెడితే చివరి స్థానం పంచుకున్నాడు. ఆ టోర్నమెంట్‌లో తనకన్నా పైన నిలిచిన విలియం వింటర్, ఫ్రెడ్ యేట్స్ ఇద్దరూ దగ్గర కూర్చుని ఆయనకు శిక్షణ ఇచ్చారు. కొన్ని వారాలకే రామ్స్‌గేట్‌లో బ్రిటిష్ చాంపియన్‌షిప్ జరిగితే ఆయనే గెలిచాడు! మళ్లీ 1932లో లండన్‌లో, 1933లో హేస్టింగ్స్‌లో గెలిచాడు. నాలుగుసార్లు ఆడితే మూడుసార్లు చాంపియన్. మధ్యలో 1931 టైటిల్ మాత్రం తనకు నేర్పిన యేట్స్‌కే పోయింది. ఆ యేట్స్ మరుసటి ఏడాదే, 1932 నవంబరులో, గదిలో గ్యాస్ లీకై నిద్రలోనే చనిపోయాడు. ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

సరే, సెట్టు దగ్గరికి వస్తాను.

పావుల బరువు చాలా బాగుంది. అడుగున ఇనుము పోసి, కింద పచ్చ ఫెల్టు గుడ్డ అంటించారు. బంటును వేలితో పక్కకు వంచి వదిలితే తనంతట తానే లేచి నిలబడుతుంది, కొనేముందు అమ్మేవాళ్లను ఈ వీడియో అడగండి, బరువు సరిగ్గా లేని సెట్లలో పడిపోతుంది. ఇంకో పరీక్ష: ఒక గడిలో నాలుగు బంట్లు సరిపోవాలి, ఇరుక్కుంటే గడి చిన్నదని, మరీ వదులుగా ఉంటే పెద్దదని లెక్క. నా దాంట్లో సరిగ్గా పట్టాయి. ఫెల్టు ఉండటంతో చప్పుడు మెత్తగా వస్తుంది, రాత్రిపూట పక్క గదిలో పడుకున్నవాళ్లకు ఇబ్బంది లేదు.

గుర్రాలు చూడాలి అసలు. మిగతా పావులన్నీ లేత్ మీద తిప్పి చేసేవే, గుర్రం తల ఒక్కటే చేత్తో చెక్కాలి, అందుకే సెట్టు ఖరీదు చాలావరకు గుర్రాల మీదే ఆధారపడి ఉంటుంది. వీటి జూలు, దవడ, ముక్కుపుటాలు స్పష్టంగా ఉన్నాయి. నాలుగూ అచ్చు ఒకేలా లేవు, ఒకదాని మెడ కొంచెం ఎక్కువ వంగింది, నాకు అదే నచ్చింది. ఈ స్టాంటన్ నమూనా 1849లో లండన్‌లో జాక్స్ కంపెనీ మొదట అమ్మింది, దానికి పేరు ఇచ్చిన హోవర్డ్ స్టాంటన్ ఆ కాలపు ఇంగ్లండ్ మేటి ఆటగాడు. పంజాబ్ నుంచి వెళ్లిన మనిషి ఆ ఇంగ్లిషు పావులతో బ్రిటిష్ చాంపియన్‌షిప్ గెలిచాడు, ఇప్పుడు ఆ పావులు పంజాబ్‌లోనే తయారై మన ఇళ్లకు వస్తున్నాయి. ఆయన ఆటలు ఈ పావులతో వేస్తుంటే నాకు ఇది ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఇప్పుడు లోపాలు. ఒక నల్ల గుర్రం చెవి విరిగి వచ్చింది. ఫోటో పంపాను, మార్చి ఇస్తామన్నారు, కానీ నాలుగుసార్లు ఫోన్ చేస్తే గాని పంపలేదు, 17 రోజులు పట్టింది. పావులను విడివిడిగా కాగితంలో చుట్టకుండా ఒకే సంచిలో పోసి పంపితే చెవులు విరగకుండా ఎలా ఉంటాయి? ఇంకొకటి, బోర్డు. చూడ్డానికి నిగనిగలాడింది, ఆగస్టు వానలకు ఒక మూల లేచింది, ఇప్పుడు టేబుల్ మీద పెడితే కొంచెం ఊగుతుంది. అంచుల్లో అక్షరాలు, అంకెలు కూడా లేవు. ఊరికే ఆడుకునేవాళ్లకు అవి అక్కర్లేదేమో కానీ, కాగితం చూసి పాత ఆట వేసేటప్పుడు పిల్లలు గడి వెతుక్కోలేక విసిగిపోతారు. చివరికి నేను పెన్సిల్‌తో రాశాను. అందుకే అంటున్నాను, బోర్డు వేరే తీసుకోండి, 600 రూపాయల చుట్టే వినైల్ బోర్డు అయినా దీనికన్నా నయం.

అసలు పరీక్ష ఏ ఆటతో జరిగిందంటే, 1930 డిసెంబరులో మొదలైన హేస్టింగ్స్ క్రిస్మస్ టోర్నమెంటులో సుల్తాన్ ఖాన్, కాపాబ్లాంకా ఆడిన ఆటతో. కాపాబ్లాంకా అంటే 1921 నుంచి 1927 దాకా ప్రపంచ చాంపియన్, ఆయన్ని ఓడించడమే అరుదు. తెల్లవి సుల్తాన్ ఖాన్‌వి. ఐదో ఎత్తులో అంచు బంటును ఒక్క గడి నెమ్మదిగా జరుపుతాడు, అంతే, దాడీ లేదు ఏమీ లేదు. ఇరవై ఎత్తులు దాటాక తన మంత్రిని ఇచ్చి రెండు ఏనుగులు తీసుకుంటాడు. ఫోన్‌లో అయితే ఇక్కడ ఒక గీత పైకి కిందికి కదిలి ఎవరిది పైచేయో చెప్పేస్తుంది. చెక్క పావులతో అయితే బరువైన మంత్రిని చేత్తో తీసి పక్కన పెట్టాలి, మా అమ్మాయి అక్కడ ఆగి "మంత్రి పోయింది కదా, ఇంక ఎలా గెలుస్తాడు?" అని అడిగింది. నేను చెప్పలేదు. ఆ తర్వాత నలభై ఎత్తులు ఆయన ఎక్కడా తొందరపడడు, రాజును భద్రం చేసుకుంటాడు, ఏనుగులను ఒక్కో గడీ దారిలోకి తెస్తాడు, కాపాబ్లాంకా మంత్రికి వెళ్లడానికి చోటు లేకుండా చేస్తాడు. 65వ ఎత్తుకు ఆట అయిపోతుంది. మాకు మూడు రాత్రులు పట్టింది. రెండో రాత్రి బోర్డు అలాగే వదిలేసి పడుకున్నాం, పొద్దున లేచి పళ్లు తోముకోకముందే మా అమ్మాయి దాని ముందు కూర్చుని ఉంది.

ఆ నిదానం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు మా తాతయ్య వల్ల తెలుసు. తెనాలి దగ్గర మా ఊళ్లో అరుగు మీద ఆయన ఆడే చదరంగంలో బంటును మొదటి ఎత్తులో రెండు గడులు నడపనిచ్చేవారు కాదు, ఒక్క గడే. కోట కట్టడం (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరపడం) లేదు, బదులుగా రాజు చెక్ తగలనంతవరకు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. బంటు అవతలి చివరికి చేరితే వెంటనే మంత్రి కాదు, ఆ వరుసలో మొదట ఏ పావు ఉండేదో అదే అవుతుంది. సుల్తాన్ ఖాన్ నేర్చుకున్న దేశవాళీ ఆట కూడా ఇంచుమించు ఇలాంటిదే. అలా ఒక్కో గడీ నడిచే ఆటలో పెరిగినవాడికి ఓపిక రాకుండా ఎలా ఉంటుంది? ఐదో ఎత్తులో ఆయన జరిపిన ఆ అంచు బంటు నాకు తాతయ్య చేతిలోంచి వచ్చినట్టే అనిపించింది. ఈ సెట్టుతో ఆదివారాలు తాతయ్య పద్ధతిలో కూడా ఆడుతున్నాం. డబ్బాలో రెండు మంత్రులు అదనంగా ఇచ్చారు, బంటు మంత్రి అయినప్పుడు పనికొస్తాయి, తాతయ్య ఆటకు మాత్రం వాటి అవసరం రాలేదు.

ఇదంతా సుల్తాన్ ఖాన్ ఎలాంటి పరిస్థితుల్లో చేశాడో కూడా పిల్లలకు చెప్పాలి. ఇంగ్లండ్ చలి ఆయనకు పడలేదు, మలేరియా, జలుబు, గొంతు నొప్పి తరచూ వచ్చేవి, మెడకు గుడ్డ చుట్టుకుని ఆడేవాడు. 1933లో అమెరికా చదరంగం జట్టు సర్ ఉమర్ ఇంటికి విందుకు వెళితే బ్రిటిష్ చాంపియనే తమకు వడ్డించాడని ఆ జట్టు ఆటగాడు రూబెన్ ఫైన్ రాశాడు. సుల్తాన్ ఖాన్‌ను నౌకరు అనడాన్ని మాత్రం ఆయన వారసులు ఒప్పుకోరు, తమది భూములున్న, గౌరవం ఉన్న కుటుంబమని చెప్తారు. నాకు వాళ్ల మాట వినాలనే ఉంటుంది. 1933 డిసెంబరులో సర్ ఉమర్‌తో పాటు తిరిగి వచ్చేశాడు, 1935లో ఖాదిల్కర్ అనే ఆటగాడితో పది ఆటలు ఆడి తొమ్మిది గెలిచి ఒకటి డ్రా చేశాడు, ఆ తర్వాత పెద్ద ఆటలకు దూరమయ్యాడు. 1966లో చనిపోయాడు. గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో. అంత ఆలస్యం ఎందుకు చేశారో తలచుకుంటే బాధగా ఉంటుంది.

మా అమ్మాయికి ఎక్కువగా నచ్చింది మాత్రం ఫాతిమా కథ. ఆవిడ కూడా సర్ ఉమర్ పరివారంలోనిదే, 1933లో అదే హేస్టింగ్స్‌లో బ్రిటిష్ మహిళల చాంపియన్‌షిప్ ఆడి 11 ఆటల్లో పది గెలిచి ఒకటి డ్రా చేసింది, రెండో స్థానంలో ఉన్నవాళ్లకన్నా మూడు పాయింట్లు ఎక్కువ. ఒక్కటీ ఓడలేదు. అదే టైటిల్‌ను 2000లో మన కోనేరు హంపి 13 ఏళ్ల వయసులో గెలిచిందని చెప్తే మా అమ్మాయి ఫాతిమా పేరు, హంపి పేరు రెండూ బోర్డు వెనక రాసుకుంది (చెక్క మీద స్కెచ్ పెన్ను పోదు, నేనూ తుడవలేదు).

ఇంకొకటి, బ్యాడ్మింటన్ చూసేవాళ్లకు. సుల్తాన్ ఖాన్ వెళ్లిపోయిన మరుసటి ఏడాది, 1934లో, బ్రిటిష్ చదరంగం టైటిల్ గెలిచింది సర్ జార్జ్ థామస్. 2022లో మన గుంటూరు శ్రీకాంత్, అమలాపురం సాత్విక్ ఉన్న జట్టు ఇండోనేసియాను 3-0తో ఓడించి గెలిచిన థామస్ కప్ ఆయన పేరు మీదిదే. రెండు ఆటల్లోనూ మేటి ఆయన. ఇది తెలిశాక మా ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాళ్లు కూడా ఒకరిద్దరు వచ్చి బోర్డు దగ్గర చేరారు.

సెట్టు జాగ్రత్తలు కొన్ని. ఎండ తగిలే కిటికీ దగ్గర, ఏసీ గాలికి ఎదురుగా పెట్టకండి, చెక్క పగులుతుంది. తడి గుడ్డతో తుడవకండి, పొడి మెత్తటి గుడ్డ చాలు. పావులను ఒకే సంచిలో పోయకండి, లోపల అరలు ఉన్న పెట్టె వేరే కొనుక్కోండి, నేను ఆలస్యంగా కొన్నాను, అప్పటికే ఒక తెల్ల శకటు కొన దగ్గర చిన్న నొక్కు పడింది. ఆర్డర్ పెట్టేముందు "రాజు ఎత్తు ఎంత, బంటు అడుగు ఎంత, పావులన్నీ కలిపి బరువెంత" అని మూడూ రాతపూర్వకంగా అడగండి, చెప్పనివాళ్ల దగ్గర కొనకండి. మరీ నల్లగా మెరిసేవి చాలాసార్లు రంగు వేసిన బాక్స్‌వుడ్, ఖరీదైన నల్లటి ఎబొనీ చెక్క అని చెప్పి ఎక్కువ అడిగితే నమ్మకండి.

పావులకు ఐదుకు నాలుగున్నర, బోర్డుకు రెండు, ప్యాకింగుకు ఒకటి ఇస్తాను. ప్రస్తుతం దేశాల జట్లు ఆడే చదరంగం ఒలింపియాడ్ 1931లో ప్రాగ్‌లో జరిగినప్పుడు పోలండ్ మేటి ఆటగాడు రూబిన్‌స్టైన్‌ను సుల్తాన్ ఖాన్ ఓడించిన ఆట సగంలో ఉంది, ఊగే మూల కింద మడత పెట్టిన పోస్టుకార్డు పెట్టాను, ఎవరూ టేబుల్ కదపకూడదని మా అమ్మాయి ఇంట్లో అందరికీ చెప్పింది.