సామ్ హార్డీ చిత్రం: బొమ్మ బాగుంది, కింది పరిచయమే చాలలేదు

ఇంగ్లండ్‌లో వందేళ్ల కిందట సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన ఫుట్‌బాల్ కార్డులను పెద్దవి చేసి, ఫ్రేము కట్టి అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి లివర్‌పూల్ గోల్‌కీపర్ సామ్ హార్డీ చిత్రాన్ని తెప్పించుకున్నాను. కాగితం మందంగా ఉంది, అద్దం మీద మెరుపు తక్కువ, ప్యాకింగ్‌కు వంక పెట్టలేము.

గోల్‌కీపర్‌కు కూడా తక్కిన ఆటగాళ్ల ఎర్ర చొక్కానే వేశారని ఒక కొనుగోలుదారు తప్పు పట్టారు గాని, అది పొరపాటు కాదు. గోల్‌కీపర్ వేరే రంగు చొక్కా తొడుక్కోవాలన్న నిబంధన 1909లో గాని రాలేదు. హార్డీ 1905లోనే చెస్టర్‌ఫీల్డ్ నుంచి లివర్‌పూల్‌కు వచ్చి, ఆ సీజన్‌లోనే లీగ్ గెలిచిన జట్టులో ఆడారు. ఆయన పేరు తెచ్చుకున్నది దూకుళ్లతో కాదు, బంతి ఎటు రాబోతుందో ముందే పసిగట్టి అక్కడ నిలబడి ఉండటంతో. చిత్రకారుడు ఆయనను గాలిలో ఎగురుతున్నట్టు గీయకుండా నింపాదిగా నిలబెట్టడం నాకు అందుకే నచ్చింది.

బొమ్మ కింద అచ్చువేసిన పరిచయం మాత్రం నిరాశపరిచింది. 1907 నుంచి 1920 వరకు ఇంగ్లండ్ తరఫున 21 మ్యాచ్‌లు ఆడారని రాసి ఊరుకున్నారు. ఈనాటి పాఠకుడికి ఆ అంకె చిన్నదిగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ఏటా ప్రధానంగా ఆడేవి స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్‌లతో మూడే ఆటలని, మొదటి ప్రపంచ యుద్ధం వల్ల అవి కూడా కొన్నేళ్లపాటు ఆగిపోయాయని ఒక్క వాక్యం చేర్చి ఉంటే దాని విలువ తెలిసేది. 1912 వరకు గోల్‌కీపర్ తన వైపు సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో ఆడవచ్చు. ఆ ఏడాది ఆ వెసులుబాటును గోల్ ముందు గీతలు గీసిన పెనాల్టీ ఏరియాకు కుదించారు, హార్డీ ఆస్టన్ విల్లా క్లబ్బుకు మారిందీ అప్పుడే. అలవాటైన పద్ధతి మారిన తొలి సీజన్‌లోనే, 1913లో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో గాయపడి కాసేపు బయటికి వెళ్లి కూడా తిరిగి వచ్చి, సండర్‌లాండ్‌పై 1-0 విజయంలో పాలు పంచుకున్నారు. 1920లో విల్లాతోనే రెండో కప్పు అందుకున్నారు.

పరిచయం అక్కడితో ఆగిపోయింది. నలభైకి చేరువలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వెళ్లి, 1922లో లీగ్‌లో రెండో శ్రేణి అయిన రెండో డివిజన్ గెలిచిన సంగతిని వదిలేయడం క్షమించరానిది. అడిగితే ఆ పరిచయం పట్టీ లేకుండా కూడా ఫ్రేము కట్టి ఇస్తారు కనుక, కొనేవారు అలాగే తీసుకోవడం మేలు.