పార్సిల్ దారిలో పోతే నష్టం ఎవరిది? ఆన్‌లైన్ చీరల అమ్మకంలో దీర్ఘకాల అనుభవంపై సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి నుంచి మంగళగిరి నేత చీరలు, డ్రెస్ మెటీరియల్ ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. అమ్మకాలు కొన్ని వాట్సాప్ ద్వారా, కొన్ని ఒక పెద్ద అమ్మకపు వేదిక ద్వారా, విదేశాల్లో ఉన్న మనవాళ్లకు కొన్ని పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవ ద్వారా జరుగుతాయి. సరుకు పంపడానికి స్పీడ్ పోస్టు, ప్రైవేటు కొరియర్లు, వేదిక తరఫున వచ్చే పికప్ సేవ, మూడూ వాడుతూనే ఉన్నాను. ఏది త్వరగా చేరుస్తుంది, ఏది చవక అన్న సమీక్షలకు కొదవ లేదు కాబట్టి వాటి జోలికి పోను. చేరని పార్సిల్ గురించే ఈ సమీక్ష: సరుకు పోయాక సొమ్ము ఎవరి జేబులోంచి పోవాలో తేల్చే ఏర్పాట్లు ఆచరణలో ఎలా ఉన్నాయో చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తే, బుకింగ్ కౌంటర్ దగ్గర రసీదు మీద ఏమి రాయించుకున్నామన్న దానితోనే ఈ తగవు సగానికి పైగా తేలిపోతుంది. ఆ తరువాత పెట్టే ఫిర్యాదుల బలమంతా ఆ చిన్న కాగితం నుంచి రావలసిందే.

చట్టం మొదట అమ్మినవారి వైపే ఉన్నట్టు కనిపిస్తుంది. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 39వ సెక్షన్ ప్రకారం, కొన్నవారికి పంపేందుకు సరుకును రవాణాదారు చేతికి ఇస్తే, ప్రథమ దృష్ట్యా అది కొన్నవారికి అప్పగించినట్టే లెక్క. అయితే అదే సెక్షన్‌లోని రెండో భాగం, సరుకు స్వభావానికి తగిన ఒప్పందాన్ని రవాణాదారుతో చేసుకోవలసిన బాధ్యత అమ్మినవారి మీదే పెట్టింది. ఆ పని చేయకపోతే, దారిలో పోయిన సరుకును తమకు అందినట్టుగా ఒప్పుకోవలసిన అవసరం కొన్నవారికి లేదు. ఖరీదైన జరీ అంచు పట్టు చీరను విలువ రాయించకుండా, బీమా చేయించకుండా పంపినవారిని ఈ సెక్షన్ కాపాడుతుందని అనుకోను. పైగా ఇంటికి చేరుస్తామని చెప్పి డబ్బు తీసుకున్నాక, "కొరియర్ వాళ్లనే అడగండి" అనడం నిలబడే వ్యాపారం కాదు. కొన్నవారు అడిగినా అక్కడ పలికే నాథుడు ఉండడు. బుక్ చేసింది నేను, రుసుము కట్టింది నేను, కాబట్టి వారి లెక్కలో కస్టమరును కూడా నేనే.

ఇక రసీదు సంగతి. దాని మీద చిరునామా, పిన్ కోడ్, ట్రాకింగ్ నంబరు చూసుకోని వారుండరు, బరువు చూసుకునేవారే తక్కువ. నా అనుభవంలో బరువును మించిన సాక్షి లేదు. ఒకసారి బెంగళూరు పంపిన పార్సిల్‌లో చీరకు బదులు మడత పెట్టిన పాత గుడ్డ వచ్చిందని కొన్నావిడ వీడియో పంపారు. ఆవిడ అబద్ధమాడుతున్నారని కొరియర్ శాఖ వారు, కొరియర్‌లోనే మారిపోయిందని ఆవిడ, మధ్యలో నేను. వీడియో ఆపి చూస్తే కవరు అడుగు అంచున ఒక కోత, దాని మీద ముదురు గోధుమ రంగు టేపు కనిపించాయి. నేను వాడేది పారదర్శకమైన టేపు, అదీ అడ్డంగా మాత్రమే వేస్తాను. బుకింగ్ స్లిప్పు మీద బరువు 610 గ్రాములు ఉంది. మీ బెంగళూరు హబ్‌లో పార్సిల్ దిగినప్పుడు తూకం ఎంత పడిందో చూపించమని రాతపూర్వకంగా అడిగాను. ఆ లెక్కలో అది నాలుగు వందల గ్రాములకు కూడా రాలేదు. అంతవరకు ప్రతి జవాబులోనూ "కస్టమరు ఆరోపణ" అని రాసినవారు ఆ తరువాత ఆ మాట వాడలేదు. అప్పటి నుంచి ప్రతి పార్సిల్‌నూ ఇంట్లోనే తూకం వేసి, కాటా మీద అంకె కనిపించేలా ఫోటో తీసి పెట్టుకుంటున్నాను. కౌంటర్‌లో తేడా వస్తే అక్కడే అడుగుతాను.

తప్పు ఎవరిదో తేలినంత మాత్రాన డబ్బు వస్తుందనుకోకూడదు. కొరియర్ స్లిప్పు మీద "ఓనర్స్ రిస్క్" (పోతే నష్టం సరుకు యజమానిది), "క్యారియర్స్ రిస్క్" (నష్టం రవాణాదారుది) అని రెండు గడులు ఉంటాయి. మనం ఏమీ అనకపోతే కౌంటర్‌లోని కుర్రాడి పెన్ను మొదటి దాని మీదికే పోతుంది. వెనుక వైపు అతి చిన్న అక్షరాల్లో, సరుకు పోతే తమ బాధ్యత ఇంత మొత్తానికే పరిమితమని ఉంటుంది, ఆ మొత్తానికి చీర కాదు కదా ఫాల్ కూడా రాదు. ఆ షరతు చెల్లదులే అనుకునేవారు ఒక తీర్పు తెలుసుకోవాలి. 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో, సంతకం చేసిన కన్‌సైన్‌మెంట్ నోటు, అంటే సరుకు అప్పగింత పత్రంలోని బాధ్యత పరిమితికి ఇరుపక్షాలూ కట్టుబడవలసిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. బెంగళూరు చీరకు రాయించిన విలువ మొత్తం నాకు రావడానికి కారణం, దానికి అదనపు రుసుము కట్టి రెండో గడిలో టిక్కు పెట్టించుకోవడమే. తూకం తేడా దొంగతనాన్ని నిరూపించింది, డబ్బు రాబట్టింది మాత్రం ఆ టిక్కు. విలువ రాస్తే దొంగల కన్ను పడుతుందని మా తోటి అమ్మకందారులు కొందరు వాదిస్తారు. ఆ భయం నిజమే కావచ్చు, కానీ విలువ రాయని పార్సిల్ పోతే అడగడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

తపాలా శాఖ నియమాలు ఇంతకంటే సూటిగా ఉంటాయి. స్పీడ్ పోస్టు పార్సిల్ పోయినా, లోపలి సరుకు తగ్గినా, కట్టిన రుసుముకు రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ఇస్తారన్నది చాలాకాలంగా ఉన్న నియమం. వంద రూపాయల రుసుముకు వచ్చేది రెండు వందలన్నమాట. అంతకు మించి కోర్టులో రాబట్టుకుందామంటే, 1898 నాటి తపాలా చట్టంలోని 6వ సెక్షన్ అడ్డం వచ్చేది. ఆ చట్టం స్థానంలో 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టం కూడా, నిబంధనల్లో చెప్పిన మేరకు తప్ప శాఖకు బాధ్యత లేదనే అంటుంది. అందువల్ల ఖరీదైన చీరలకు బీమా తప్ప దారి లేదు, స్పీడ్ పోస్టులో లక్ష రూపాయల వరకు ఆ సౌకర్యం ఉంది. కౌంటర్‌లో "విలువ ఎంత వేయమంటారమ్మా?" అని అడిగినప్పుడు అమ్మిన ధర చెప్పి, బిల్లు నకలు దగ్గర పెట్టుకుంటే చాలు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ ఏడాది అక్టోబరు నుంచి కొత్త ధరలతో పాటు ఓటీపీ చెబితేనే అందజేసే సౌకర్యం వచ్చింది. నావంటి వారికి ఈ రెండో మార్పు పెద్ద మేలు.

ఎందుకంటే, పార్సిల్ పూర్తిగా మాయమైన తగవు కంటే "డెలివర్డ్" అని చూపిస్తూ చేరని పార్సిల్ తగవు చాలా చిక్కుగా ఉంటుంది. తెర మీద ఆ మాట పడిన క్షణం నుంచి కొరియర్ వారికీ, అమ్మకపు వేదికకూ వివాదం ముగిసినట్టే. సంతకం చూపించమంటే ఒక గీత చూపిస్తారు, అది తెలుగో ఇంగ్లీషో కూడా చెప్పలేం. హైదరాబాదు అపార్ట్‌మెంట్లకు పంపిన పార్సిళ్లలో ఈ రకం ఎక్కువగా చూశాను. ఇప్పుడు అలాంటి ఫోను రాగానే కొన్నవారిని మూడు విషయాలు అడుగుతాను: గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరులో ఆ పూట ఏ కొరియర్ పేరు రాసుందో, అదే నంబరు ఫ్లాటు పక్క బ్లాకులో కూడా ఉందో, ఓటీపీ ఎవరైనా ఫోనులో అడిగి చెప్పించుకున్నారో. చాలాసార్లు చీర పక్క బ్లాకులో దొరుకుతుంది. దొరకనప్పుడు ఆ రిజిస్టరు పేజీ ఫోటోయే మన ఫిర్యాదుకు బలం.

లేబుల్ ఊడిపోయిన పార్సిల్ కూడా పోయినట్టే కనిపిస్తుంది. వానాకాలంలో ఇది మామూలు. చిరునామా లేని తపాలా వస్తువులను తెరిచి, లోపల ఆచూకీ ఏదైనా ఉందేమో చూసే అధికారం రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసులకు ఉంది కాబట్టి, పంపేవారి చిరునామా, అందుకునేవారి చిరునామా, రెండు ఫోను నంబర్లు రాసిన చీటీ ఒకటి చీర మడతలో పెడతాను. ఖర్చు లేని బీమా ఇదొక్కటే.

అమ్మకపు వేదిక గురించి నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. కొన్నవారికి అక్కడ రక్షణ బాగుంది, అందులో నాకు అభ్యంతరం లేదు. వేదిక గడియారం, పార్సిల్ గడియారం ఒకటి కావు, అదే నా అభ్యంతరం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఆ ప్రాంతానికి పంపిన చీరలు ఒక కొరియర్ గోదాములో ఆగిపోయాయి. మనుషులు మేడల మీద ఉండి పాలప్యాకెట్ల కోసం పడవల వైపు చూస్తున్న రోజుల్లో చీర ఎప్పుడొస్తుందని ఏ ఒక్కరూ అడగలేదు. వేదిక మాత్రం గడువు దాటగానే తనంత తానే ఆర్డర్లు రద్దు చేసి, వారి డబ్బు వారికి తిప్పి ఇచ్చి, నా ఖాతాలో కోత వేసింది. నీళ్లు తీశాక చీరలు ఆ ఇళ్లకే చేరాయి. డబ్బు తిరిగొచ్చినా చీర అందిందని ఫోను చేసి, ఆ డబ్బు నాకు నేరుగా పంపినవారే ఎక్కువ. మిగిలిన వాటి కోసం వేదికకు పెట్టిన అప్పీలుకు వచ్చిన జవాబు, మనిషి చదివి రాసింది కాదని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వినియోగదారు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ గడువులు కొనేవారి కోసం పెట్టినవి.

వినియోగదారుల కమిషన్ విషయంలోనూ అమ్మేవారిది ఇదే పరిస్థితి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరం కోసం సేవ తీసుకున్నవారిని వినియోగదారుగా లెక్కించదు. స్వయం ఉపాధి వారికి ఇచ్చిన మినహాయింపు కూడా, చట్టంలోని మాటల ప్రకారం, కొని వాడుకున్న వస్తువుల గురించే చెబుతుంది. అందుచేత కొరియర్ సంస్థ మీద నేను కేసు వేస్తే, "ఈమె వ్యాపారి" అన్నదే వారి మొదటి వాదన అవుతుంది. కొన్నవారికి ఆ ఇబ్బంది లేదు: తామున్న జిల్లాలోనే నా మీద ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము కట్టనక్కర లేదు, ఇప్పుడు ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, అంతకు ముందు మాటగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. పుణెలో ఉన్న కొనుగోలుదారు పుణెలో వేసిన కేసుకు గుంటూరు నుంచి నేను జవాబు చెప్పుకోవాలి. ఇది అన్యాయమని నేను అనను, ముక్కూమొహం తెలియని మనిషికి ముందే డబ్బు పంపేవారికి ఆ మాత్రం అండ ఉండాలి. కాకపోతే ఆ బరువును చిన్న అమ్మకందారు ఎక్కడ దించుకోవాలో చట్టం చెప్పలేదు.

నేను దించుకుంటున్నది ధరలోనే. ప్రతి చీర మీద కొద్దిపాటి మొత్తం కలిపి, పోయిన వాటి కోసం పక్కన పెడుతున్నాను. పార్సిల్ జాడ లేదని ఖాయమైతే క్లెయిము తేలేదాకా కూర్చోకుండా వేరే చీరో, డబ్బో ముందు ఇచ్చేస్తాను, క్లెయిము దాని దారిన అది నడుస్తుంది. వాట్సాప్ అమ్మకాల్లో యూపీఐ డబ్బు నేరుగా నా ఖాతాలో పడుతుంది, మధ్యవర్తి ఎవరూ ఉండరు కాబట్టి అక్కడ ఈ విషయంలో మరింత పట్టింపుగా ఉంటాను. క్యాష్ ఆన్ డెలివరీ మానేశాను: పార్సిల్ పోవడం, తిరిగి రావడం, డబ్బు వసూలై నాకు చేరకపోవడం, ఇన్ని రకాల తగవులు ఒకే పార్సిల్‌లో భరించడం నా వల్ల కాలేదు.

విదేశీ ఆర్డర్లకు పేపాల్ వివాదం వేరే లోకం. డబ్బు కట్టిన నాటి నుంచి 180 రోజుల వరకు "అందలేదు" అని కొన్నవారు వివాదం తెరవవచ్చు. అప్పటికి ఇక్కడి కొరియర్ రికార్డులు అడిగినా దొరకవు కాబట్టి, డెలివరీ వివరం కనిపించిన రోజే ఆ పేజీని భద్రపరచుకోవాలి. 750 డాలర్లు, ఆపైన ఉన్న ఆర్డరుకు సంతకం తీసుకున్న ఆధారం లేకపోతే అమ్మినవారికి రక్షణ వర్తించదు. 2025 ఆగస్టు 25 నుంచి అక్టోబరు మధ్య వరకు అమెరికాకు తపాలా బుకింగులు నిలిపివేసినప్పుడు ప్రైవేటు కొరియర్ల ధరలు చూసి చాలామంది ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు పెళ్లి చీరల వంటి పెద్ద ఆర్డరు వస్తే సంతకం తీసుకుని ఇచ్చే సేవకు ఒప్పుకుంటేనే పంపుతున్నాను. ఖర్చు ఎక్కువన్నవారిని గుంటూరులోనో హైదరాబాదులోనో ఉన్న బంధువుల చిరునామా అడుగుతాను. వేసవిలో ఆవకాయ జాడీలతో పాటు ఈ చీరలు కూడా పెట్టెలో పెట్టుకుని అమెరికా బయలుదేరే అత్తగారో అమ్మగారో ఆ ఇంట్లో తప్పక ఉంటారు.