ఫ్లోరిన్ నేల మీద నల్లా నీళ్లు: ఏళ్ల తరబడి తాగాక నా మాట

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు పల్లె. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు మా ఇంటి నల్లాకు వచ్చినప్పటి నుంచి తాగడానికీ వంటకూ అవే వాడుతున్నాం. ఇన్నేళ్ల తర్వాత ఎవరడిగినా ధైర్యంగా చెప్తాను, ఈ నీళ్లు మంచివి. క్యాన్ నీళ్లకన్నా నాకు వీటి మీదే నమ్మకం. కాకపోతే ఊరి ట్యాంకులోకి ఏ రోజు ఏ నీళ్లు ఎక్కుతున్నాయో కనిపెట్టుకుని ఉండాలి. నేను రాయాలనుకున్నది ముఖ్యంగా దాని గురించే.

ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరైడ్ తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం. వేరే దిక్కు లేని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మా గ్రానైట్ నేలలో బోరు ఎంత లోతుకు వేస్తే అంత భయం. రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది, అదీ కాల్షియం తక్కువున్న నీళ్లలోకి ఇంకా ఎక్కువగా. అందుకే ఉప్పగా ఉన్న బోరే చెడ్డదనీ, సబ్బు బాగా నురగొచ్చే, అంటే కాల్షియం తక్కువున్న బోరు మంచిదనీ అనుకోవడానికి లేదు. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. కాచినా పోదు. కాచేకొద్దీ నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

మార్పు నాకు కళ్లెదుట కనబడింది పిల్లల పళ్లలో. పెద్దమ్మాయి చిన్నతనమంతా బోరు నీళ్లే. దాని ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు అట్లనే ఉండిపోయాయి, ఎంత తోమినా పోయేవి కావు. చిన్నోడు నల్లా వచ్చాక పుట్టాడు. పాలపళ్లు ఊడి వాడికి వచ్చిన కొత్త పళ్లు తెల్లగా, నున్నగా ఉన్నాయి. పంటి మీద మచ్చ పడేది పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులోనే, అంటే ఎనిమిదేళ్ల లోపు. ఆ వయసులో తాగిన నీళ్లు జీవితాంతం సాక్ష్యం చెప్తాయి. ఇక ఎముకలకు పట్టిందంటే వెనక్కి తిప్పే మందు లేదు. ఫ్లోరైడ్ బాధితుడు, శివన్నగూడెం అంశాల స్వామి వంగిపోయిన ఒంటితోనే ఈ నీళ్ల కోసం కొట్లాడి 2023 జనవరిలో కన్నుమూశారు. ఆయన్ను చూసినవాళ్లెవరూ నల్లా నీళ్లను తేలిగ్గా తీసుకోరు.

అయినా మా వాడకట్టులో సగం మంది నల్లా నీళ్లు బట్టలకు పోసి ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చుకుంటారు. కారణం బ్లీచింగ్ వాసన. ఆ వాసన క్లోరిన్‌ది. నల్లా చివరన కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటేనే పైపులో క్రిములు బతకలేదని కొంత ధీమా. బిందెలో పట్టి మూత తీసి కొన్ని గంటలు ఉంచితే వాసన చాలావరకు తగ్గుతుంది. నన్ను అడిగితే, వాసన బొత్తిగా రాని రోజే జాగ్రత్తపడాలి. వానాకాలంలో నల్లా మొదట మట్టిరంగు నీళ్లు వదిలితే అవి పారబోసి, తేటపడ్డాక పట్టి, కాచి తాగుతాం. ఇక్కడ కాచడం పనికొస్తుంది, ఎందుకంటే అప్పుడు మన పోరు క్రిములతో.

అసలు చిక్కు లైను రిపేరుకు వచ్చినప్పుడు. ట్యాంకు ఖాళీగా ఉంచలేక పాత బోరు మోటరు వేసి నింపుతారు. నల్లా అదే, టైమూ అదే, నీళ్లు మాత్రం వేరు. ఎవరూ దండోరా వేసి చెప్పరు. అందుకే నీళ్లు వదిలే తమ్ముణ్ని కనబడినప్పుడల్లా అడుగుతాను: "తమ్మీ, ఇయ్యాల బోరా, కృష్ణా?" పాపం దాచడు. "లైను పలిగిందక్కా, రెండు దినాలు బోరే" అంటాడు. ఆ రెండు రోజులు క్యాన్ తెచ్చుకుంటాం, తాగడానికే కాదు, వంటకు కూడా.

ఈ వంట సంగతి ఇంకోసారి చెప్పాలి. తాగడానికి క్యాన్, పప్పుకూ అన్నానికీ చాయ్‌కీ బోరు అనే ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు నీళ్లతోపాటు ఫ్లోరైడ్‌నూ పీల్చుకుంటాయి. చాయ్ పత్తాలో సొంతంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. గ్లాసులో తప్పించుకున్నది కంచంలో వచ్చి చేరుతుంది.

ఆశా వర్కర్ దగ్గరున్న కిట్‌తో ఒకసారి పక్కపక్కనే చూశాం. రెండు చిన్న గాజు సీసాలు, ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఒకదాంట్లో చేను బోరువి. మందు చుక్కలు వేసి కలిపితే నల్లా నీళ్లు గులాబీ రంగులో నిలిచాయి. బోరువి చూస్తుండగానే పసుపుకు తిరిగాయి. పసుపు ఎంత ముదిరితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. మా అత్తమ్మ ఆ సీసాను వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె మోకాళ్లు ఎన్నో ఏళ్లు ఆ పసుపు నీళ్లే తాగాయి.

ఫిల్టర్ అమ్మేవాళ్లు తెచ్చే టీడీఎస్ మీటరును మాత్రం ఫ్లోరైడ్ విషయంలో నమ్మకండి. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. టీడీఎస్ ఎక్కువున్నా ఫ్లోరైడ్ తక్కువుండొచ్చు, తక్కువున్నా ఎక్కువుండొచ్చు. ఆర్వో మిషన్ ఫ్లోరైడ్‌ను బాగానే తీస్తుంది, నిజమే. కానీ బోలెడు నీళ్లు మోరీ పాలు చేస్తుంది, ఒంటికి కావలసిన కాల్షియాన్నీ తీసేస్తుంది. కృష్ణా నీళ్లు సక్రమంగా వస్తున్న ఇంటికి దాని ఖర్చు దండగ.

అనుమానం ఉన్నవాళ్లు గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో పరీక్ష చేయించుకోవచ్చు. ఫ్లోరైడ్‌కైతే ప్లాస్టిక్ సీసా తీసుకెళ్లండి, అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపండి. క్రిముల పరీక్షకైతే శుద్ధి చేసిన సీసా వాళ్లనే అడిగి తీసుకోవాలి. ఒకటి కృష్ణా నీళ్ల రోజున, ఒకటి బోరు ఎక్కించిన రోజున పట్టి, రెండు కాగితాలూ తీసుకుని గ్రామసభలో కూర్చోండి.