సంస్కారం ఎవరికి ఇవ్వాలి: కన్ఫర్మేషన్ అయినవాళ్లకా, బాప్తిస్మం పొందినవాళ్లకా, అందరికీనా?

సంస్కారపు ఆదివారం, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు, వస్తే చాలు, ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. పిల్లల్ని బల్ల దగ్గరికి తీసుకెళ్లొచ్చా? వేరే సంఘం నుంచి వచ్చిన కోడలు తీసుకోవచ్చా? ఇంగ్లండ్ సంఘం నుంచి పుట్టిన ఆంగ్లికన్ సంఘాలన్నిటిలో దీనికి ఒకే జవాబు లేదు.

పాత పద్ధతి కన్ఫర్మేషన్, అంటే బాప్తిస్మం పొందినవాళ్ల తలమీద బిషప్పు చేతులుంచి ప్రార్థించడం. అది అయినవాళ్లకు, లేదా దానికి సిద్ధపడి కోరుకునేవాళ్లకే బల్ల అని ఇంగ్లండ్ సంఘపు 1662 ప్రార్థన పుస్తకం చెబుతుంది. ఇది బల్లకు కాపలాగా పెట్టిన నియమమని చాలామంది అనుకుంటారు. కానీ 1281లోనే ఇంగ్లండ్‌లో ఆర్చిబిషప్ జాన్ పెక్కమ్ ఈ మాట అన్నాడు. జనం కన్ఫర్మేషన్‌ను పట్టించుకోవడం లేదని, వాళ్లను దానికి రప్పించడానికే, అది లేకపోతే సంస్కారం లేదన్నాడు.

రెండోది, బాప్తిస్మం పొందిన ఎవరికైనా ఇవ్వడం. ఇంగ్లండ్ సంఘం 1972లో, త్రిత్వాన్ని నమ్మే ఇతర సంఘాల్లో సంస్కారం తీసుకునేవాళ్లకు తలుపు తీసింది. బిషప్పు అనుమతితో కన్ఫర్మేషన్ కాని పిల్లలకూ ఇస్తోంది. మనకు ఇది కొత్తేమీ కాదు. 1947లో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడినప్పుడు దోర్నకల్ ఆంగ్లికన్లూ మెదక్ మెథడిస్టులూ ఒకే సంఘమయ్యారు. బిషప్పు మీ తలమీద చేతులుంచలేదు కదా అని మెథడిస్టులను బల్ల దగ్గర ఆపలేదు.

మన సంఘం రిజిస్టరులో పేరున్నవాళ్లకే అనే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. చుట్టానికి మన ఇంట్లో అన్నం పెట్టకపోవడం లాంటిదే అది.

బాప్తిస్మం లేకపోయినా అందరికీ ఇవ్వాలనేవాళ్లూ ఉన్నారు. అమెరికా ఎపిస్కోపల్ సంఘం నియమం ఒప్పుకోకపోయినా, శాన్‌ఫ్రాన్సిస్కోలో సెయింట్ గ్రెగరీ గుడి ఇలాగే పిలుస్తుంది. నేను అంతదూరం వెళ్లను, క్రీస్తు కుటుంబంలోకి చేర్చేది బాప్తిస్మమే కాబట్టి. అయితే మన దగ్గర ఎస్సీ సర్టిఫికెట్ పోతుందనే భయంతో బాప్తిస్మం వాయిదా వేసుకుని, ఇరవై ఏళ్లుగా వెనక వరుసలో కూర్చునేవాళ్లను చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది.

పిల్లలకు అర్థం కాదు, అపాత్రంగా తింటారు అని పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక పదకొండో అధ్యాయం చూపిస్తారు. నాకు తేల్చింది ఆ అధ్యాయమే. అక్కడ పౌలు గద్దించింది, లేనివాళ్లు రాకముందే తినేసి వాళ్లను ఆకలితో ఉంచినవాళ్లను. ఆ హెచ్చరికను ఎనిమిదేళ్ల పిల్లవాడి మీదికి ఎలా తిప్పుతాం?

పోయిన నెల మా వాడు నా పక్కనే మోకరించి, నన్ను చూసి కుడిచెయ్యి మీద ఎడమచెయ్యి పెట్టి చాపాడు. అయ్యగారు వాడి తల నిమిరి ముందుకు వెళ్లారు. వాడు ఖాళీ అరచేతుల్ని కాసేపు అలాగే ఉంచాడు.