నెల్లూరులో నెలాఖరు జిమ్నాస్టిక్స్ ప్రాక్టీస్ మీట్: ఆ మార్కుల కాగితాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

నెల్లూరు టౌన్‌లో ఒక జిమ్నాస్టిక్స్ కోచింగ్ సెంటర్ నెలాఖరు ఆదివారం ప్రాక్టీస్ మీట్ పెడుతోంది. ఆడపిల్లలకు వాల్ట్ (పరుగెత్తి బల్ల మీదుగా ఎగరడం), బార్స్ (ఎత్తు తేడా ఉన్న రెండు కడ్డీలు), బీమ్ (సన్నని దూలం), ఫ్లోర్ (నేల మీద చేసేది) నాలుగూ ఉంటాయి. జడ్జీలు ఇద్దరు, ఫీజు ఒక్కొక్కరికి ₹200. కావలి, కందుకూరు నుంచి కూడా పిలకాయల్ని తెస్తున్నారు. మీట్ చివర్లో చేతికిచ్చే మార్కుల కాగితం గురించే ఈ రివ్యూ. మనం డబ్బు కట్టేది దానికే కాబట్టి.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్తాను. చాలాచోట్ల ‘7.45’ అని ఒక్క అంకె రాసి పంపేస్తారు. ఇక్కడ డి-స్కోరు, ఇ-స్కోరు విడివిడిగా రాస్తున్నారు. డి అంటే చేసిన స్కిల్స్ విలువ. ఇ అంటే 10 నుంచి మొదలుపెట్టి తప్పులకు కోసుకుంటూ వచ్చేది. చిన్న తప్పుకు 0.10, మధ్యరకానికి 0.30, పెద్దదానికి 0.50, పడితే 1.00. ఇది అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య ఎఫ్‌ఐజీ నియమం. పడినందుకు పోయే మార్కు ఒకటి, పడినప్పుడు ఆ స్కిల్ లెక్కలోకి వచ్చిందా లేదా అన్నది వేరొకటి. తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఈ కాగితం ఆ రెంటినీ వేరుచేసి చూపిస్తోంది.

బీమ్ మీద ఫ్లిక్-ఫ్లాక్ (వెనక్కి చేతుల మీదుగా వేసే పల్టీ) తీసుకోండి. కష్టాన్ని బట్టి ఇచ్చే శ్రేణుల్లో అది బి స్కిల్, విలువ 0.20. పాప పాదం ముందు బీమ్‌ను తాకి, ఆ తర్వాత జారి కింద పడితే 1.00 పోతుంది కానీ 0.20 నిలుస్తుంది. పాదం బీమ్‌ను తాకకుండానే కింద పడితే ఆ 0.20 కూడా రాదు. ఆ స్కిల్ మీద ఆధారపడి ఏదైనా కంపోజిషన్ అవసరం (రొటీన్‌లో, అంటే ఆ ప్రదర్శన మొత్తంలో, తప్పక చూపాల్సిన అంశం) ఉంటే ఇంకో 0.50 ఎగిరిపోతుంది. దాని బదులు లెక్కపెట్టడానికి రొటీన్‌లో వేరే స్కిల్ లేకపోతే మొత్తం 1.70 పోయినట్టు. చూసేవాళ్లకు రెండు ఫాల్సూ ఒకేలా ఉంటాయి, మార్కుల్లో మాత్రం ఇంత తేడా. ఈ కాగితంలో ‘స్కిల్ లెక్క లేదు’ అని పక్కనే రాస్తున్నారు. నా దృష్టిలో ₹200 దీనికే గిట్టుబాటు.

బార్స్‌లో కూడా పద్ధతి ఇదే. గాల్లో వదిలి మళ్లీ పట్టుకునే స్కిల్‌లో రెండు చేతులూ క్షణమైనా బార్‌ను పట్టాక జారితే విలువ ఉంటుంది, పట్టకుండా పడితే ఉండదు. మన కోస్తా ఉక్కలో అరచేతులు తడిసిపోతాయి కాబట్టి ఈ తేడా ఇక్కడ తరచూ కనిపిస్తుంది. చేతులు జారకుండా రాసుకునే మెగ్నీషియం కార్బోనేట్ పొడి పెట్టె బార్స్ పక్కనే ఉంచారు, అది మంచి పని.

ఇప్పుడు లోపాలు. మొదటిది స్టాప్‌వాచ్. పడ్డాక మళ్లీ ఎక్కడానికి బీమ్‌కు 10 సెకన్లు, బార్స్‌కు 30 సెకన్లు ఇస్తారు. ఆ సమయం పాప లేచి నిలబడ్డప్పటి నుంచి మొదలవ్వాలి. ఇక్కడ మ్యాట్ మీద పడగానే నొక్కేస్తున్నారు. గడువు దాటితే 0.30 కోత ఉంది. బోర్లా పడిన పిల్ల ఊపిరి తీసుకుని లేవడానికే మూడు నాలుగు సెకన్లు పడుతుంది. ఆ సెకన్లకు కోత వేయడం అన్యాయం. పైగా దెబ్బ తగిలిందో లేదో చూసుకోకుండా పిలకాయలు ఎగబడి ఎక్కేస్తున్నారు. ముందు మార్చాల్సింది ఇదే.

రెండోది స్ప్లిట్ లీప్, అంటే గాల్లో ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ చాచి ఎగరడం. 180 డిగ్రీలు రావాల్సిన చోట 20 డిగ్రీల లోపు తగ్గితే 0.10, 20 దాటి 45 వరకు తగ్గితే 0.30. అంతకన్నా తగ్గితే ఆ లీప్‌కు విలువే లేదు. ఇది పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది. జడ్జీల బల్లేమో బీమ్ కొసన వేశారు. అక్కడినుంచి కోణం కనబడక అందరికీ వరసగా 0.30 పడుతోంది. బల్లను బీమ్ మధ్యభాగానికి ఎదురుగా జరిపితే చాలు, పైసా ఖర్చు లేదు.

మూడోది మాస్టారి చెయ్యి. రొటీన్ మధ్యలో వీపుకు చెయ్యి ఆనించి తిప్పితే 1.00 కోత, ఆ స్కిల్‌కు విలువ ఉండదు. ఇక్కడ చిన్నపిల్లల విషయంలో చూసీచూడనట్టు వదిలేస్తున్నారు. ఆ దయ అర్థమవుతుంది. కానీ కోత వేయకపోయినా ‘సాయం అందింది’ అని రాయాలి. లేకపోతే పాపకు ఆ స్కిల్ వచ్చేసిందనుకుని ఇంట్లోవాళ్లు తర్వాతి స్కిల్ కోసం తొందరపెడతారు.

ల్యాండింగ్ కాలమ్ మాత్రం బాగా రాస్తున్నారు. చిన్న అడుగుకు 0.10, పెద్ద అడుగుకు 0.30, బాగా కిందికి కూలబడితే 0.50. పడకుండా నిలబడితే ల్యాండింగ్ తప్పులన్నీ కలిపినా 0.80 దాటకూడదు, చెయ్యి మ్యాట్ మీద ఆనిస్తే మాత్రం నేరుగా 1.00. అందుకే తూలినప్పుడు చెయ్యి పెట్టడం కన్నా రెండడుగులు వేసి ఆగడం లాభం. పిల్లలకు ఇది నేర్పాలి. 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్లో దీపా కర్మాకర్ చేసిన ప్రొడునోవా వాల్ట్ (బల్ల మీదనుంచి ఎగిరి ముందుకు రెండు పల్టీలు) డి-స్కోరు 7.0, ఇ-స్కోరు 8.266. రెండు వాల్టుల సగటు 15.066. కాంస్యం 15.216 దగ్గర ఆగింది. ఆ మధ్యనున్న తేడా 0.150 మాత్రమే. ల్యాండింగ్ కాలమ్‌ను తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ అంకెలు చూడాలి.

వాల్ట్ దగ్గర ఒక హెచ్చరిక. పాదాలు ముందుగా మ్యాట్‌ను తాకకపోతే ఆ వాల్ట్‌కు సున్నా. మోకాళ్ల మీదో వీపు మీదో దిగితే 1.00 కోతతో సరిపోదు. ఈ మీట్‌లో సున్నా వేయకుండా 1.00 కోసి వదిలేస్తున్నారు. పిల్ల నొచ్చుకోదని అనుకోవచ్చు, కానీ జిల్లా సెలక్షన్‌లో సున్నా పడ్డప్పుడు నొప్పి ఇంకా పెద్దది.

అమెరికాలో ఉన్న బంధువుల పిల్లల మార్కులతో పోల్చేవాళ్లకు ఒక మాట. అక్కడి డెవలప్‌మెంట్ ప్రోగ్రాంలో ఫాల్‌కు 0.50 మాత్రమే. కింది స్థాయిల్లో అందరూ ఒకే రొటీన్ చేస్తారు, అందులో ముఖ్యమైన స్కిల్‌ను వదిలేస్తే దాని విలువకు రెట్టింపు కోస్తారు. రెండు చోట్లా 8.9 అన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

మగపిల్లల రింగ్స్ కాగితం ఇంకా పచ్చిగా ఉంది. హోల్డ్, అంటే కదలకుండా ఒకే భంగిమలో నిలవడం, 2 సెకన్లు ఆగాలి, అంతకు తగ్గితే 0.30, అసలు ఆగకపోతే ఆ స్కిల్ లెక్కలోకి రాదు. ఎన్ని సెకన్లు ఆగాడన్నది ఎక్కడా రాయట్లేదు.

ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటి జిల్లా పోటీలకు సిద్ధమవుతున్న ఆడపిల్లలకు ఈ మీట్ పనికొస్తుంది, పంపండి. ఇప్పుడే ఫార్వర్డ్ రోల్ నేర్చుకుంటున్న ఐదారేళ్లవాళ్లకు ఈ కాగితంతో పనిలేదు. వెళ్లినప్పుడు బీమ్, బార్స్ రొటీన్లను పక్కనుంచి ఫోన్‌లో తీసి పెట్టుకోండి. కాగితం అందగానే వీడియో ఆపి ఆపి చూస్తూ, పడ్డ ప్రతిచోటా పాదమో చెయ్యో ముందు తాకిందా అని జడ్జిగారిని అక్కడే అడగండి. అడిగితే ఓపిగ్గా చెప్తున్నారు.